పెయింట్‌బాల్ పంప్ గన్‌కి పెద్ద ట్యాంకే కొనాలా? ఒక్క ఫిల్లింగ్‌కి ఎన్ని షాట్లు వస్తాయో ఇలా లెక్కేయండి!

పెయింట్‌బాల్ ఆటలో చేతిలో గన్ ఎంత ముఖ్యమో, దాని వెనక బిగించే గాలి ట్యాంక్ కూడా అంతే ముఖ్యం. ట్యాంక్ ఖాళీ అయితే ఎంత ఖరీదైన గన్ అయినా ఉట్టి గొట్టమే. అందుకే చాలామంది షాపుకి వెళ్లగానే అడిగే మొదటి మాట ఒకటే.. "ఉన్నవాటిలో పెద్ద ట్యాంక్ ఏది?" కానీ చేత్తో పంప్ కొట్టి ఒక్కో బంతి పేల్చే పంప్ గన్ వాడేవాళ్లకు ఈ ప్రశ్నే తప్పు. ముందు తెలుసుకోవాల్సింది ట్యాంక్ సైజు కాదు, మీ గన్ ఒక్కో షాట్‌కి ఎంత గాలి తాగుతుందన్నది. ఆ ఒక్క లెక్క తెలిస్తే అనవసరమైన ఖర్చు, మోయలేని బరువు రెండూ తప్పుతాయి. అదెలాగో చూద్దాం.

పంప్ గన్ అంటే ఏంటి?

పెయింట్‌బాల్ పుట్టిందే ప్రతి షాట్‌కీ చేత్తో సిద్ధం చేసుకోవాల్సిన గన్‌తో. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం హెన్నికర్‌లో 12 మంది కలిసి ఈ ఆటను మొదటిసారి ఆడారు. వాళ్ల చేతుల్లో ఉన్నది నెల్‌స్పాట్ 007 అనే మార్కర్. అడవిలో నరకాల్సిన చెట్లకు, మందలో పశువులకు దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి వాడే పరికరం అది. అందుకే పెయింట్‌బాల్ గన్‌ని ఇప్పటికీ మార్కర్ అనే అంటారు. విచిత్రం ఏంటంటే, ఆ రోజు గెలిచిన ఆటగాడు ఒక్క షాట్ కూడా పేల్చకుండానే జెండాలన్నీ పట్టుకొచ్చేశాడు!

పంప్ గన్‌లో ముందు పిడిని వెనక్కి లాగితే లోపల హామర్ లాక్ అవుతుంది, బంతి గదిలోకి జారుతుంది. పిడిని ముందుకు తోస్తే బంతి బారెల్‌లో కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే హామర్ వెళ్లి వాల్వ్‌ని కొడుతుంది. వాల్వ్ రెప్పపాటు తెరుచుకుని గాలి బంతిని తోసేస్తుంది. మళ్లీ పేల్చాలంటే మళ్లీ పంప్ కొట్టాల్సిందే.

గాలి ఆదా ఇక్కడే మొదలవుతుంది. చాలా సెమీ ఆటోమేటిక్ గన్లలో ప్రతి షాట్‌కి వదిలే గాలిలో కొంత భాగం బంతిని తోయడానికి కాకుండా, హామర్‌ని వెనక్కి నెట్టి తర్వాతి షాట్‌కి సిద్ధం చేయడానికి ఖర్చవుతుంది. పంప్ గన్‌లో ఆ పని చెయ్యి చేస్తుంది. కాబట్టి గాలి మొత్తం బంతికే. పైగా పంప్ కొట్టేవాళ్లు ఆచితూచి పేలుస్తారు కాబట్టి ఆటకు పడే షాట్లు కూడా తక్కువే.

ట్యాంక్ మీద ఆ నంబర్లు ఏంటి?

గాలి ట్యాంకుల్ని 13/3000, 48/3000, 68/4500 అని పిలుస్తారు. మొదటి నంబర్ ట్యాంక్ లోపల ఎంత చోటు ఉందో క్యూబిక్ అంగుళాల్లో చెబుతుంది. రెండోది గరిష్ఠంగా ఎంత ప్రెషర్ వరకు నింపొచ్చో పీఎస్ఐలో చెబుతుంది. కారు టైరులో మనం కొట్టించేది 30 పీఎస్ఐ చుట్టుపక్కల. అంటే 3000 పీఎస్ఐ దానికి వంద రెట్లు!

3000 పీఎస్ఐ ట్యాంకులు ఎక్కువగా అల్యూమినియంతో చేస్తారు. ధర తక్కువ, బరువు ఎక్కువ. 4500 పీఎస్ఐ ట్యాంకులకు కార్బన్ ఫైబర్ చుట్టు ఉంటుంది. లోపల చోటుతో పోలిస్తే బరువు తక్కువ, ధర మాత్రం బాగా ఎక్కువ.

ఇంతటి ప్రెషర్ నేరుగా గన్‌లోకి వెళ్లదు. ట్యాంక్ మూతి దగ్గర ఉండే రెగ్యులేటర్ దాన్ని తగ్గించి పంపుతుంది. హై ప్రెషర్ రకం రెగ్యులేటర్ సుమారు 800 నుంచి 850 పీఎస్ఐ, లో ప్రెషర్ రకం 450 పీఎస్ఐ చుట్టుపక్కల వదులుతుంది. ట్యాంక్‌లో ప్రెషర్ ఈ స్థాయి కంటే కిందికి పడిపోతే బంతి వేగం తగ్గిపోతుంది. అంటే గేజ్‌లో సున్నా వచ్చేదాకా ఆడొచ్చు అనుకోవడం పొరపాటు. అడుగున మిగిలే గాలి లెక్కలోకి రాదు.

అసలు లెక్క ఇదే.. 50 షాట్లతో తేలిపోతుంది

మీ గన్ ఎంత గాలి వాడుతుందో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గేజ్ ఉన్న ట్యాంక్ ఒకటి చాలు.

ముందు ట్యాంక్ నింపించి కాసేపు చల్లారనివ్వండి. గాలిని వేగంగా నింపితే ట్యాంక్ వేడెక్కుతుంది, గేజ్ ఎక్కువ చూపిస్తుంది. చల్లారాక అదే గేజ్ కిందికి దిగుతుంది. ఇది తెలియక "ఇప్పుడే నింపించా, అప్పుడే తగ్గిపోయింది" అని కంగారు పడేవాళ్లు చాలామందే. ముల్లు కదలడం ఆగాక గేజ్ రీడింగ్ రాసుకోండి. ఫీల్డ్‌లో అనుమతించిన వేగానికి గన్‌ని సెట్ చేసి, సరిగ్గా 50 షాట్లు పేల్చండి. మళ్లీ రీడింగ్ చూడండి.

ఉదాహరణకు 48/3000 ట్యాంక్‌తో 3000 దగ్గర మొదలుపెడితే 50 షాట్ల తర్వాత 2750 చూపించిందనుకుందాం. తగ్గింది 250. అంటే ఒక్కో షాట్‌కి 5 పీఎస్ఐ. ఈ 5ని ట్యాంక్ సైజు 48తో గుణిస్తే 240. ఇదే మీ గన్ నంబర్. ట్యాంక్ మారినా ఈ నంబర్ పెద్దగా మారదు. బైక్‌కి మైలేజ్ ఎలాగో, గన్‌కి ఇది అలాగ. కాకపోతే ఇక్కడ నంబర్ ఎంత తక్కువైతే అంత మంచిది.

ఇప్పుడు ఏ ట్యాంక్‌కైనా షాట్లు లెక్కేయొచ్చు. ట్యాంక్ ప్రెషర్ నుంచి అడుగున మిగిలే 800 తీసేయండి. మిగిలినదాన్ని ట్యాంక్ సైజుతో గుణించి, గన్ నంబర్‌తో భాగించండి. 240 నంబర్ ఉన్న గన్‌కి లెక్క ఇలా వస్తుంది:

* 13/3000 ట్యాంక్: దాదాపు 119 షాట్లు
* 48/3000 ట్యాంక్: 440 షాట్లు
* 45/4500 ట్యాంక్: దాదాపు 690 షాట్లు
* 68/4500 ట్యాంక్: దాదాపు 1050 షాట్లు

ఒక్క సవరణ. 4500 పీఎస్ఐ దగ్గర గాలి లెక్క చెప్పినంతగా కుదించుకుపోదు. కాబట్టి ఆ ట్యాంకులకు నిజంగా వచ్చే షాట్లు ఇంతకంటే కాస్త తక్కువే ఉంటాయి. 68/4500కి వెయ్యి అటూ ఇటూ అనుకుంటే సరిపోతుంది.

మరి ఎన్ని షాట్లు కావాలి?

మెలిక ఇక్కడే ఉంది. పెయింట్‌బాల్స్ ఒక్కో బ్యాగులో 500, పెద్ద బాక్సులో 2000 వస్తాయి. సెమీ ఆటోమేటిక్ గన్‌తో ఆడేవాళ్లు ఒక రోజులో బాక్సు మొత్తం ఖాళీ చేసేయగలరు. పంప్ ఆటగాడికి మాత్రం చాలాసార్లు ఒక బ్యాగు రోజంతా సరిపోతుంది. ఒక్కో ఆటలో 40 బంతులు పేల్చేవాళ్లకు 440 షాట్ల ట్యాంక్ ఉంటే, ఒక్కసారి నింపి 10 ఆటలు ఆడొచ్చు. అలాంటప్పుడు వెయ్యి షాట్ల ట్యాంక్ దేనికి? మోయడానికి తప్ప!

బరువు సంగతి పంప్ ఆటగాళ్లకు ఇంకా ముఖ్యం. ఎందుకంటే ఒక చేత్తో పిడి లాగుతూ, తోస్తూ ఉంటే గన్ బరువంతా ఎక్కువసేపు రెండో చేతి మీదే పడుతుంది. వెనకాల పెద్ద ట్యాంక్ వేలాడుతుంటే గురి కదులుతుంది, చెయ్యి లాగేస్తుంది. 13/3000 లాంటి బుల్లి ట్యాంక్ పెడితే గన్ తేలిగ్గా తిరుగుతుంది. కాకపోతే ప్రతి రెండు మూడు ఆటలకూ నింపించుకోవాలి.

అందుకే ట్యాంక్ కొనేముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఫిల్లింగ్ స్టేషన్ ఆడే చోటికి ఎంత దూరం? అక్కడ 3000 వరకే నింపుతారా, 4500 ఇస్తారా? ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య నింపుకునే టైమ్ ఉంటుందా?

స్టేషన్ పక్కనే ఉంటే 13 సైజు చాలు. రోజుకు ఒకట్రెండు సార్లే నింపే వీలుంటే 48/3000 మంచి బేరం. అడవిలో గంటల తరబడి సాగే పెద్ద గేమ్స్ ఆడేవాళ్లకు, మధ్యలో బయటికి వచ్చే వీల్లేనివాళ్లకు 45/4500 లాంటి తేలికైన కార్బన్ ట్యాంక్ పనికొస్తుంది. 68/4500 తీసుకోవాల్సిన అవసరం పంప్ ఆటగాళ్లలో చాలా కొద్దిమందికే ఉంటుంది.

ఇంకో విషయం. ఫీల్డ్‌లో 3000 వరకే నింపితే, అంత డబ్బు పోసి కొన్న 68/4500 ట్యాంక్ కూడా ఇదే గన్‌కి దాదాపు 620 షాట్లే ఇస్తుంది. కాబట్టి కొనకముందే మీరు ఆడే చోట ఏ ప్రెషర్ ఇస్తారో అడిగి తెలుసుకోవడం మేలు.

ట్యాంక్ మార్చేముందు గన్‌ని చూడండి

గన్ నంబర్ 320 వచ్చిందనుకోండి. అదే 48/3000 ట్యాంక్ 330 షాట్లకే చేతులెత్తేస్తుంది. నంబర్ 160కి దిగితే 660 షాట్లు వస్తాయి. అంటే గన్‌ని సరిచేసుకుంటే కొత్త ట్యాంక్ కొనకుండానే షాట్లు రెట్టింపు. 160 నంబర్ ఉన్న గన్‌కి బుల్లి 13/3000 ట్యాంక్ కూడా దాదాపు 180 షాట్లు ఇస్తుంది. మరి గాలి ఎక్కడ పోతుంది?

బంతి, బారెల్ జోడీ: పెయింట్‌బాల్స్ పేరుకు 0.68 అంగుళాలవే అయినా బ్రాండ్‌ని బట్టి, తేమని బట్టి సైజు కొద్దిగా మారుతుంది. బారెల్ లోపల బంతి వదులుగా ఉంటే చుట్టూ ఉన్న సందులోంచి గాలి ముందే జారుకుంటుంది. అదే వేగం రావాలంటే ఇంకా ఎక్కువ గాలి వదలాలి. చిన్న పరీక్ష ఉంది. బారెల్ విప్పి అందులో బంతి వేస్తే దానంతటదే కింద పడిపోకూడదు, నోటితో గట్టిగా ఊదితే బయటికి రావాలి. అదీ సరైన జోడీ.

బారెల్ పొడవు: పొడవు పెరిగితే దూరం పెరుగుతుందన్నది అపోహ. బంతి కావాల్సిన వేగం అందుకున్నాక మిగిలిన పొడవంతా ఉట్టి రాపిడే. బారెల్‌కి ఉండే రంధ్రాలు చప్పుడు తగ్గిస్తాయి కానీ, అవి మరీ వెనక నుంచే మొదలైతే గాలిని ముందుగానే వదిలేస్తాయి.

స్ప్రింగ్, ప్రెషర్ సర్దుబాటు: హామర్ స్ప్రింగ్ మరీ గట్టిగా ఉంటే వాల్వ్ అవసరానికి మించి తెరుచుకుంటుంది. బంతి వెళ్లిపోయాక కూడా గాలి వస్తూనే ఉంటుంది. షాట్ తర్వాత "ఫుస్‌స్" అని పొడుగ్గా శబ్దం వస్తే అనుమానించాల్సిందే. అలాగని ప్రెషర్ ఎడాపెడా పెంచినా ఉపయోగం లేదు. చాలా పంప్ గన్లలో లోపలి ప్రెషరే వాల్వ్‌ని మూసిపెడుతుంది. అది హద్దు దాటితే హామర్ వాల్వ్‌ని సరిగా తెరవలేదు, వేగం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. రెగ్యులేటర్ ఉన్న గన్లలో ప్రెషర్‌ని కొంచెం కొంచెంగా పెంచుతూ, వేగం ఎక్కడ గరిష్ఠంగా వస్తుందో మీటర్‌తో చూసుకోవాలి. అక్కడ ఆపి, స్ప్రింగ్‌తో వేగాన్ని ఫీల్డ్ లిమిట్‌కి తేవాలి.

లీకేజీ: వంటింట్లో గ్యాస్ సిలిండర్‌కి చేసే సబ్బు నురగ టెస్టే ఇక్కడా పనిచేస్తుంది. కనెక్షన్ల దగ్గర నురగ రాస్తే బుడగలు వచ్చిన చోటే లీక్. చాలాసార్లు అరిగిపోయిన చిన్న ఓ-రింగే కారణం. దాని ధర ట్యాంక్ ధరతో పోలిస్తే లెక్కలోకే రాదు.

లో ప్రెషర్‌తో నడిచే గన్ అయితే ఇంకో లాభం. అడుగున వదిలేయాల్సింది 800 కాదు, 450 చాలు. అప్పుడు గన్ నంబర్ 240 ఉన్నా 48/3000 ట్యాంక్ 440కి బదులు 510 షాట్లు ఇస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ సంగతేంటి?

పంప్ గన్లలో పాతకాలపు పద్ధతి 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కార్ట్రిడ్జ్. సోడా బుడ్డిలా ఉండే చిన్న స్టీల్ గొట్టం. ఒకటి వాడితే పారేయాల్సిందే. 240 నంబర్ గన్‌కి ఒక్కో కార్ట్రిడ్జ్‌తో 24 షాట్ల దాకా, 160 నంబర్ గన్‌కి 36 దాకా వస్తాయి. కేవలం ఇవే వాడుతూ, గొట్టంలో వరసగా 10 బంతులే పెట్టుకుని ఆడే ఆటని స్టాక్ క్లాస్ అంటారు. అక్కడ ప్రతి షాట్‌కీ విలువే!

పెద్ద కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లూ ఉన్నాయి. 20 ఔన్సుల సిలిండర్‌లో 567 గ్రాములు పడుతుంది, అంటే 47 కార్ట్రిడ్జ్‌లతో సమానం. ఎందుకింత అంటే, లోపల అది ద్రవంగా ఉంటుంది. వాడేకొద్దీ ద్రవం ఆవిరై ఖాళీని నింపుతుంది. అందుకే ద్రవం అయిపోయేదాకా ప్రెషర్ పెద్దగా తగ్గదు, గేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. తూకం వేస్తేనే తెలుస్తుంది. నెమ్మదిగా పేల్చే పంప్ గన్‌కి ఇది బాగానే సరిపోతుంది, ఎందుకంటే షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆవిరవడానికి టైమ్ దొరుకుతుంది.

కానీ దీని అసలు సమస్య ఎండ. కార్బన్ డయాక్సైడ్ ప్రెషర్ వాతావరణాన్ని బట్టి మారిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర సుమారు 500 పీఎస్ఐ, 20 డిగ్రీల దగ్గర సుమారు 830, 31 డిగ్రీల దగ్గర సుమారు 1070. ఆ 31 డిగ్రీలు దాటితే ద్రవం, ఆవిరి అన్న తేడానే ఉండదు. ప్రెషర్ ఇంకా వేగంగా పెరుగుతుంది. మే నెల హైదరాబాద్ అయినా, వీకెండ్‌లో మన కుర్రాళ్లు ఆడే టెక్సస్ ఫీల్డ్ అయినా మధ్యాహ్నానికి ఈ హద్దు దాటడం మామూలే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెకనుకు 280 అడుగులకు సెట్ చేసిన గన్, మధ్యాహ్నం వేగం మారిపోయి ఆడుతుంది. అమెరికాలో సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు, అంటే గంటకు 329 కిలోమీటర్లు. అది దాటితే ఎదుటివాళ్ల ఒంటిమీద వాతలు తేలతాయి, మాస్క్ జారితే కన్నే పోవచ్చు. అందుకే కార్బన్ డయాక్సైడ్ వాడేవాళ్లు మధ్యాహ్నం మళ్లీ స్పీడ్ మీటర్ దగ్గర చెక్ చేయించుకోవాలి. గాలి ట్యాంక్‌లో రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి ఎండ ప్రభావం బంతి వేగం మీద చాలా తక్కువ. వేడి ప్రదేశాల్లో ఆడేవాళ్లకు గాలి ట్యాంకే మేలు అనడానికి ఇదే కారణం.

ఈ తప్పులు మాత్రం చేయొద్దు.. ప్రాణాలకే ముప్పు

సిలిండర్‌ని గన్ నుంచి విప్పేటప్పుడు, వాల్వ్‌తో సహా మొత్తం తిరుగుతోందో లేదో చూడాలి. కొన్నిసార్లు వాల్వ్ గన్‌కే ఉండిపోయి సిలిండర్ మాత్రమే ఊడొస్తుంది. అప్పుడు అది రాకెట్‌లా ఎగురుతుంది. ఇలా ప్రాణాలు పోయిన ఘటనలు అమెరికాలో జరిగాయి. అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ హెచ్చరికలు కూడా జారీ చేసింది. దీనికి తేలికైన జాగ్రత్త ఉంది. వాల్వ్ మీంచి సిలిండర్ మీదకు నెయిల్ పాలిష్‌తో ఒక నిలువు గీత గీయండి. గీత విడిపోయి కనిపించిందంటే వాల్వ్ వదులైనట్టే. వెంటనే విప్పడం ఆపేసి, తెలిసిన టెక్నీషియన్‌కి చూపించాలి.

3000 ట్యాంక్‌ని 4500 వరకు నింపించకూడదు. రక్షణ కోసం పెట్టిన బర్స్ట్ డిస్క్ పగిలి గాలంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. గాలి ట్యాంక్‌లో కార్బన్ డయాక్సైడ్ గానీ, ఆ సిలిండర్‌లో గాలి గానీ నింపకూడదు. గాలి నింపే నాజిల్ దగ్గర నూనె, గ్రీజు అసలు తగలకూడదు. అంత ప్రెషర్‌లో నూనె మండి పేలే ప్రమాదం ఉంది. ఎండలో కారు డిక్కీలో ట్యాంక్ వదిలేయడం కూడా మంచిది కాదు.

ట్యాంక్ మీద ముద్రించిన టెస్ట్ తేదీ తప్పక చూడాలి. అమెరికాలో మామూలు సైజు గాలి ట్యాంకులకు సాధారణంగా 5 ఏళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి, కొన్ని పాత కార్బన్ ట్యాంకులకైతే 3 ఏళ్లకే. కార్బన్ ఫైబర్ ట్యాంకుల జీవితకాలం సాధారణంగా 15 ఏళ్లు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తేదీ దాటిన ట్యాంక్ కొంటే ఫీల్డ్‌లో దాన్ని నింపరు. డబ్బు వృథా.

అక్కడి నుంచి ట్యాంక్ ఇండియాకి తెచ్చుకోవాలనుకునేవాళ్లు కూడా ఆలోచించుకోవాలి. గాలి నింపిన ట్యాంక్‌ని విమానంలోకి రానివ్వరు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో రెగ్యులేటర్ పూర్తిగా విప్పేసి, లోపల ఖాళీ అని కంటికి కనిపిస్తేనే తనిఖీ దాటుతుంది. ఆ విప్పడం కూడా ఇంట్లో చేసే పని కాదు. మన దేశంలోనూ 500 మిల్లీలీటర్లు దాటిన సిలిండర్లకు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వర్తిస్తాయి. 48 సైజు ట్యాంక్ అంటేనే దాదాపు 787 మిల్లీలీటర్లు!

ఒక్క మాటలో చెప్పాలంటే, పంప్ గన్‌కి మంచి ట్యాంక్ అంటే అన్నిటికంటే పెద్దది కాదు, రోజు ఆటకి సరిపోయే వాటిలో అన్నిటికంటే చిన్నది. ఈ వారం ఫీల్డ్‌కి వెళ్తే కొత్త ట్యాంక్ రేటు అడిగేముందు ఆ 50 షాట్ల పరీక్ష చేసి చూడండి. చాలామందికి కావాల్సింది కొత్త ట్యాంక్ కాదు, ఓ కొత్త ఓ-రింగ్ అని తేలినా ఆశ్చర్యం లేదు.